ఎరువు సొమ్ముల వీరుడు

‘డయాబ్లో 2’ ఆటలో వీరుడి అసలు రంగు చూడాలంటే అతను ఒకసారి చావాలి. చచ్చిన మరుక్షణం ఊళ్లో లేచి నిలబడతాడు. ఒంటి మీద కవచం ఉండదు, చేతిలో ఆయుధం ఉండదు, వేలికి ఉంగరం ఉండదు. అవన్నీ ఏ పాతాళ గుహలోనో, తనను చంపిన దయ్యాల కాళ్ల దగ్గర, తన శవం మీదే ఉండిపోతాయి. అసలు వీరగాథ అక్కడి నుంచి మొదలవుతుంది. నిమిషం క్రితం దాకా నరకలోకపు దొరలను వరసపెట్టి నరికినవాడు, ఇప్పుడు మొలగుడ్డతో, ఎదురైన ప్రతి బుడ్డ దయ్యానికీ పక్కకు తప్పుకుంటూ, తన శవాన్ని తానే వెతుక్కుంటూ పరిగెత్తుతాడు. శవం మీద మౌసుతో ఒక్క నొక్కు నొక్కగానే సామాను ఒంటికెక్కుతుంది. దాంతోపాటే శౌర్యమూ.

ఎరువు సొమ్ము బరువు చేటని మన పెద్దలు అన్నది పక్కింటి నగలతో పెళ్లికి వెళ్లేవాళ్లను చూసి. ఈ వీరుణ్ని చూసి ఉంటే చేటు సంగతి అటుంచి, సొమ్ము తీసేస్తే లోపల మనిషంటూ ఎవడైనా ఉన్నాడా అని అడిగేవాళ్లు.

ఉన్నాడు. లెక్క ప్రకారం ఉన్నాడు. 2000 జూన్‌లో అమెరికా కంపెనీ బ్లిజార్డ్ విడుదల చేసిన ఈ ఆటలో, 99వ లెవెల్ దాకా ఎక్కినవాడికి 98 స్కిల్ పాయింట్లు దక్కుతాయి. ఊరివాళ్లు అప్పగించిన పనులను మూడు కష్టస్థాయుల్లోనూ చేసిపెడితే ఇంకో 12. మొత్తం 110. ఒక జీవితకాలం దయ్యాలతో కొట్టుకుని సొంతంగా సంపాదించగల విద్య అంతే. అందులోనూ ఏ ఒక్క విద్యలోనూ 20కి మించి పెట్టనివ్వరు. ఇక 98 నుంచి 99కి ఎక్కడానికి పట్టే కాలంలో, ఓ మోస్తరు బుద్ధిమంతుడు డిగ్రీ పూర్తిచేసి, ఉద్యోగంలో చేరి, ఆ ఉద్యోగం మీద విసుగు కూడా తెచ్చుకోగలడు.

ఇంత కష్టపడి చదువుకున్నవాడి ముందు ఒకరోజు ఒక టోపీ రాలిపడుతుంది. ‘హార్లెక్విన్ క్రెస్ట్’ అని, విదూషకుడి టోపీ. నెత్తిన పెట్టుకోగానే విద్యలన్నీ రెండేసి మెట్లు పెరుగుతాయి. సకల విద్యలూ విదూషకుడి టోపీలోనే ఉన్నాయని ఒప్పుకున్నందుకు ఆట తయారుచేసినవాళ్ల నిజాయతీకి ఒక నమస్కారం పెట్టాలి. ‘స్టోన్ ఆఫ్ జోర్డాన్’ అనే ఉంగరం తొడిగితే ఇంకో మెట్టు. ఉన్నవి రెండు చేతులు కనుక రెండు ఉంగరాలు, రెండు మెట్లు. నడుముకు సాలెగూటి పట్టీ కడితే మరొకటి. అయితే ఒక నియమం ఉంది: సొంత కష్టంతో కనీసం ఒక్క పాయింటైనా పెట్టిన విద్యకే ఈ పెంపుదల వర్తిస్తుంది. కష్టానికి విలువ ఇవ్వాలన్న సదుద్దేశంతో పెట్టిన నియమం కాబోలు. ఆటగాళ్లు దాన్ని అర్థం చేసుకోవాల్సిన విధంగానే అర్థం చేసుకున్నారు. ఒక్కో విద్యలో హాజరు కోసం ఒక్క పాయింటు పడేసి, మిగతా చదువు బట్టలకు వదిలేశారు.

మాంత్రికురాలి సంగతి వినండి. సోర్సెరెస్ అనే ఈ అమ్మాయి పుట్టుకతో బలం 10, మంత్రశక్తికి మూలమైన ‘ఎనర్జీ’ 35. నిప్పులు కురిపించాలి, పిడుగులు పడేయాలి, మంచు తుపాను లేపాలి. బుద్ధి బతికించే జాతి. అలాంటి పిల్లకు గురువులందరూ ఏకకంఠంతో చెప్పే మాట ఏమిటంటే, ఎనర్జీలో ఒక్క పాయింటు కూడా వృథా చేయకు, కండలు పెంచు. ఎందుకంటే ‘మోనార్క్’ అని ఒక డాలు ఉంది. నాలుగు బెజ్జాలు వేసిన మోనార్క్‌లో టాల్, థుల్, ఆర్ట్, ఆమ్న్ అనే నాలుగు అక్షరపు రాళ్లను, అంటే రూన్లను, ఆ వరసలోనే పొదిగితే ‘స్పిరిట్’ తయారవుతుంది. అది పట్టుకుంటే అన్ని విద్యలకూ మరో రెండు మెట్లు. కానీ డాలు ఎత్తాలంటే బలం 156 ఉండాలి. కనుక అమ్మాయి పుస్తకం మూసేసి బరువులెత్తుతుంది. ఎత్తింది దేనికయ్యా, దెబ్బ కాచుకోవడానికా? కాదు. చాలామంది ఆ డాలుతో దెబ్బ కాచే ప్రయత్నమే చేయరు. చదువు పెరగడం కోసం. పుస్తకం పక్కన పడేసి కండలు పెంచింది చదువు కోసమేనన్న మాట ఇంకెక్కడైనా అంటే వైద్యుడికి చూపిస్తారు.

అదే అమ్మాయి రెండో చేతి మార్పిడిలో ‘కాల్ టు ఆర్మ్స్’ అని ఇంకో ఆయుధం దాచుకుంటుంది. యుద్ధానికి ముందు కీబోర్డు మీద డబ్ల్యూ నొక్కి, దాన్ని బయటికి తీసి, బార్బేరియన్ల రణకేక ఒకటి పెడుతుంది. కొండజాతి మొరటు యోధులు తరతరాలుగా గొంతు చించుకుని సాధించిన కేక అది. కేక పెట్టగానే ప్రాణశక్తి అమాంతం పెరుగుతుంది. వెంటనే డబ్ల్యూ మళ్లీ నొక్కి ఆయుధాన్ని లోపల పెట్టేస్తుంది. ఆయుధం పోయినా కేక ఫలితం కాసేపు నిలుస్తుంది. ఆ కాసేపు అయిపోగానే మళ్లీ తీత, మళ్లీ కేక, మళ్లీ దాపు. అసలు బార్బేరియన్ పక్కనే నిలబడి ఇదంతా చూస్తూ ఉంటాడు. పాపం, అతనికీ సోర్సెరెస్ విద్య ఒకటి కావాలి.

అది ‘ఎనిగ్మా’ ఇస్తుంది. మూడు బెజ్జాల కవచంలో జాహ్, ఇథ్, బెర్ రూన్లు పొదిగితే వచ్చే కవచం ఇది. ఆటలో ఉన్న 33 రూన్లలో బెర్ 30వది, జాహ్ 31వది. ఏళ్ల తరబడి ఆడినా కంటపడని సరుకు. ఈ కవచం తొడిగినవాడికి ‘టెలిపోర్ట్’ విద్య వస్తుంది. అంటే ఉన్నచోటి నుంచి మాయమై కోరినచోట తేలడం. అది సోర్సెరెస్ సొత్తు, ఆమె 18వ లెవెల్లో నేర్చుకునే విద్య. ఇప్పుడు గదాధారి పాలడిన్, శవాలను లేపే నెక్రోమాన్సర్, గొడ్డలి తిప్పే బార్బేరియన్, అందరూ గోడలు దాటి గెంతుతున్నారు. ఏడు జాతుల వీరులుండగా ఒక్కొక్కరికి 30 చొప్పున విద్యలు రాసి, బొమ్మలు గీసి, పుట్టుపూర్వోత్తరాలు అల్లి, ఒక్క చొక్కాతో అందరినీ ఒకే జాతి చేసేశారు. కులనిర్మూలన ఇంత సులువని మనకు తెలియక ఇన్నేళ్లు ఉపన్యాసాలిచ్చాం. షరతు ఒకటే, జాహ్, బెర్ ఉన్నవాడికే మోక్షం.

విద్య ఒంటి మీద చాలక సంచిలోకి కూడా దిగింది. వీరుడి సంచిలో పది నిలువు వరసలు, నాలుగు అడ్డు వరసలు, వెరసి 40 గడులు. ‘గ్రాండ్ చార్మ్’ అనే తాయెత్తు మూడు గడులు తింటుంది. మంచిది దొరికితే ఒక తరగతి విద్యలన్నీ ఒక మెట్టు పెరుగుతాయి. వాడనక్కర్లేదు, తొడగనక్కర్లేదు, సంచిలో ఉంటే చాలు. అలాంటివి పది పడతాయి. పది కూరితే మిగిలేది కింది వరస ఒక్కటే, దాన్ని చిన్న తాయెత్తులతో నింపుతారు. ఇప్పుడు వీరుడు మహా విద్వాంసుడు. కానీ చచ్చిన దయ్యం దగ్గర ఒక కవచం పడితే ఎత్తుకోవడానికి చోటు లేదు. కవచాల కోసమే కదా ఈ విద్వత్తంతా అని ఎవరూ అడగకూడదు.

అడిగితే ‘మ్యాజిక్ ఫైండ్’ గురించి చెబుతారు. మంచి వస్తువులు దొరికే అవకాశాన్ని పెంచే వస్తువులు ఇవి. వీటిని తొడుక్కోవాలంటే బలమిచ్చే వస్తువులు విప్పాలి. అంటే వస్తువులు సంపాదించడానికి ఒక వేషం, వచ్చిన వస్తువులు తొడిగి ఇంకా గొప్ప వస్తువులు సంపాదించడానికి ఇంకో వేషం. ఈ వేషాలన్నిటికీ బలైనవాడు మెఫిస్టో. ద్వేషానికి అధిపతి, నరకపు ముగ్గురు అన్నదమ్ముల్లో ఒకడు. రక్తపు కందకం పక్కన తన గుడిలో కూర్చుని ఉంటాడు. ఆటగాడు గెంతుకుంటూ వస్తాడు, కందకం ఇవతల నిలబడి అవతలివాణ్ని చంపుతాడు, రాలినవి ఏరుకుంటాడు, ఆట మూసి మళ్లీ తెరుస్తాడు. మెఫిస్టో మళ్లీ లేచి కూర్చుంటాడు. ఒక్క సాయంత్రంలో వంద చావులు చచ్చిన దేవుళ్లు, దయ్యాలు మన పురాణాల్లో కూడా లేరు. ఎందుకు చంపుతున్నావని అతను అడగడు. అడిగితే ఆటగాడి దగ్గర జవాబు ఉంది: “నువ్వు మంచి టోపీ వదల్లేదు.”

విద్య వస్తువులోకి చేరాక, అది అంగట్లోకి చేరడానికి ఎంతసేపు? ఆటలో బంగారం ఉంది. అయితే ఒక మనిషి మోయగల బంగారానికి హద్దుంది, దానితో కొనదగ్గ సరుకూ పెద్దగా లేదు. అందుకని ఆటగాళ్లు స్టోన్ ఆఫ్ జోర్డాన్‌నే రూపాయి చేసుకున్నారు. ఒక్క గడిలో పడుతుంది, అన్ని జాతులకూ పనికొస్తుంది. ఈ కవచం ఇన్ని జోర్డాన్లు, ఆ కత్తి అన్ని జోర్డాన్లు అంటూ బేరాలు సాగాయి. రూపాయి ఉన్నచోట దొంగ రూపాయి ఉంటుంది. సర్వర్లలోని లొసుగులు పట్టుకుని ఒక ఉంగరాన్ని రెండుగా, రెండింటిని నాలుగుగా ముద్రించేశారు. మనకూ ఉంగరం మహిమ తెలియనిది కాదు. 1990లో ‘జగదేకవీరుడు అతిలోకసుందరి’లో వేలి ఉంగరం పోగొట్టుకుని ఇంద్రజ స్వర్గానికి వెళ్లలేక భూమ్మీద ఇరుక్కుపోయింది. ఆ సినిమాలో మాంత్రికుడు ఎన్ని కుతంత్రాలు పన్నినా దొంగ ఉంగరాలు అచ్చువేసే ఆలోచన అతనికి తట్టలేదు. అతను వట్టి మాంత్రికుడు, ఇంటర్నెట్ కనెక్షన్ లేదు.

దొంగ ఉంగరాలకు కంపెనీ కనిపెట్టిన విరుగుడు 2003 నాటి 1.10 ప్యాచ్‌లో వచ్చింది. ఉంగరాలను ఊళ్లోని వర్తకుడికి తెగనమ్మండి, చాలినన్ని అమ్ముడుపోతే సాక్షాత్తు డయాబ్లో భూమ్మీద నడుస్తాడు, అతణ్ని చంపినవాడికి ‘అనైహిలస్’ అనే తాయెత్తు. అది ఏం చేస్తుందంటారా? అన్ని విద్యలకూ ఒక మెట్టు. వస్తువుల జబ్బుకు మందు ఇంకో వస్తువు. దొంగ నోట్లు తగలబెట్టిన మంటల్లోంచి కొత్త నోటు పుట్టింది, నరకాధిపతి దానికి రిజర్వు బ్యాంకు గవర్నరయ్యాడు.

2012 మే నెలలో ‘డయాబ్లో 3’ వచ్చింది. పాత ఆటలో వీరుడికి సొంతమంటూ 110 పాయింట్లు ఉండేవి కదా, ఇందులో అవీ తీసేశారు. లెవెల్ పెరిగేకొద్దీ విద్యలు వాటంతటవే తెరుచుకుంటాయి, ఎవరికైనా అవే. ఇక మనిషికీ మనిషికీ తేడా బట్టల్లోనే. వీరుడు పూర్తిగా కొయ్య హ్యాంగరయ్యాడు. దుకాణంలో హ్యాంగర్ ఏ చొక్కా వేలాడదీస్తే ఆ ధర పలుకుతుంది, చొక్కా తీస్తే దాన్ని ఎవరూ చూడరు. ఈ ఆటలో విజర్డ్ ఆకాశం నుంచి ఉల్కను దింపితే అది ఎంత దెబ్బ కొడుతుందనేది చేతిలో ఆయుధం ఎంత పదునైనదన్న దాని మీద ఆధారపడుతుంది. కనుక మంత్రదండం కన్నా గొడ్డలి గట్టిదైతే విజర్డ్ గొడ్డలి పట్టుకుని మంత్రం చదువుతాడు. ఆ గొడ్డలితో చచ్చినా ఎవణ్నీ నరకడు. గొడ్డలి పదును చూసి ఉల్క భయపడి గట్టిగా పడుతుందేమో తెలియదు.

హ్యాంగర్లు సిద్ధమయ్యాయి గనుక దుకాణం కూడా కంపెనీయే తెరిచింది. మొదట ఆట బంగారంతో వేలంపాట, జూన్‌లో నిజమైన డబ్బుతో వేలంపాట. ఒక్కో వస్తువు గరిష్ఠ ధర 250 డాలర్లు. కత్తో కవచమో అమ్ముడైతే కంపెనీకి ఒక డాలరు, అమ్మినవాడు ఆ సొమ్మును బయటికి తీసుకుంటే మరో 15 శాతం. నరకం మీద దండెత్తడానికి వచ్చిన లక్షలాది వీరులు వేలంపాట తెర ముందు కూర్చుని ధరలు చూసుకోవడం మొదలుపెట్టారు. దయ్యాలు పనిలేక గోళ్లు గిల్లుకున్నాయి. చంపితే పనికిరాని చెత్త రాలుతుంది, అంగట్లో చూస్తే కావలసింది సిద్ధంగా ఉంది, ఇక కత్తి తిప్పేదెవడు? ఆటకు దర్శకుడిగా పనిచేసిన జే విల్సనే 2013లో వేలంపాట ఆటను దెబ్బతీసిందని ఒప్పుకున్నాడు. 2014 మార్చి 18న దుకాణం మూశారు. నరకద్వారాన్ని మూయించలేని వీరుల కథలో చివరికి మూతపడింది అంగడి ఒక్కటే.

అంగడి పోయాక అంకెలు వచ్చాయి. ఒకే జత వస్తువులు ఆరు తొడిగితే ఫలానా విద్య దెబ్బ వేల శాతం పెరుగుతుందన్నారు. మీరు సరిగ్గానే చదివారు, వేల శాతం. అంటే జత లేని వీరుడు ఆ విద్యను ప్రయోగించడం దయ్యానికి విసనకర్ర వీయడంతో సమానం. ఆరు వస్తువులు దొరకవా? అయితే ‘రింగ్ ఆఫ్ రాయల్ గ్రాండర్’ తొడుక్కోండి, ఐదు తొడిగినా ఆరు తొడిగినట్టు లెక్క రాస్తుంది. అసలు తొడుక్కునే ఓపికే లేదా? 2015లో వచ్చిన ‘కనాయ్ క్యూబ్’లో వస్తువును వేసి కరిగిస్తే వస్తువు పోతుంది, మహిమ మాత్రం మీకు అంటుకుంటుంది. ఒక ఆయుధం, ఒక కవచం, ఒక నగ, మూడు మహిమలు ఒంటి మీద లేకుండానే మోయొచ్చు. వీరుడిలోంచి విద్యను తీసి వస్తువులో పెట్టారు, వస్తువులోంచి విద్యను తీసి మళ్లీ వీరుడిలో పెట్టారు. మధ్యలో మూడేళ్లూ, మన సాయంత్రాలూ ఖర్చు.

2023 జూన్ నాటి ‘డయాబ్లో 4’లో స్కిల్ పాయింట్లు తిరిగొచ్చాయి, లెవెళ్లతో 48, ఊళ్లలో పేరు తెచ్చుకుంటే ఇంకో 10. ఒక విద్యలో మనం పెట్టగలిగింది ఐదు. అప్పుడు మళ్లీ తలుపు తట్టింది ఎవరనుకున్నారు? ఆ విదూషకుడి టోపీయే. ఈసారి అన్ని విద్యలకూ నాలుగు మెట్లు. మనిషికి ఐదు, టోపీకి నాలుగు. పరువు కోసం ఒక్కటి మిగిల్చారు. వస్తువుల మీద రాత కూడా పెరిగింది. దగ్గరున్న శత్రువుకు ఇంత, దూరంగా ఉన్నవాడికి ఇంత, మందగించినవాడికి ఇంత, గాయపడినవాడికి ఇంత, మీరు ఆరోగ్యంగా ఉంటే ఇంత. ఎదుటివాడు ఏ కోవలోకి వస్తాడో తేల్చుకునేలోపు వాడు ముసలివాడై తనంతట తానే పోతాడు. 2024 మేలో కమ్మరి దగ్గర ‘టెంపరింగ్’ పెట్టారు. అప్పట్లో మంచి కత్తి తీసుకెళ్తే అదనపు మహిమ అద్దేవాడు, ఏది పడుతుందో పాచికలదే దయ. లెక్కపెట్టి ఇచ్చిన అవకాశాలు అయిపోయేలోగా కోరింది పడకపోతే కత్తి అక్కడితో మూలకే పోయేది. చెడగొట్టి కూలి తీసుకునే కమ్మరిని దయ్యాల మధ్య ఎందుకు పెట్టలేదో, ఊళ్లో ఎందుకు పెట్టారో!

ఇంత చేసి తెచ్చుకున్నదైనా మనదేనా? 2023 జూలై 18న వచ్చిన ప్యాచ్ ఒక్క రోజులో అందరి దెబ్బలకూ, రక్షణకూ కత్తెర వేసింది. రాత్రి మహావీరుడిగా పడుకున్నవాడు పొద్దున్నే మామూలు మనిషిగా లేచాడు. గగ్గోలు పుట్టాక కొద్ది రోజుల్లోనే తయారీదారులు కెమెరా ముందు కూర్చుని, ఇలాంటి ప్యాచ్ మళ్లీ ఇవ్వబోమని మాట ఇచ్చారు. విద్యను వెనక్కి తీసుకోవడం మనం ఎరగనిది కాదు. పరశురాముడు కర్ణుణ్ని శపించాడు, అవసరానికి అస్త్రం గుర్తురాకుండా పోయింది. కానీ ఆయన ముఖం మీద చెప్పాడు, కారణం చెప్పాడు, అబద్ధమాడిన ఒక్కణ్నే శపించాడు. పైగా సహజ కవచకుండలాలు ఇంద్రుడికి కోసి ఇచ్చేశాక కూడా కర్ణుడు కర్ణుడిగానే పదిహేడో రోజు దాకా యుద్ధం చేశాడు. ఈ ఆటలో ఉంటే మొలగుడ్డతో శవాన్ని వెతుక్కునేవాడు.

అభిమానుల వాదన నాకు తెలుసు. వస్తువు రాలినప్పుడు టింగుమని మోగే ఆ చప్పుడు, ఆ బంగారు రంగు అక్షరాలు, గుండె ఒక్క క్షణం ఆగడం, ఆటంటే అదే అంటారు. ఒప్పుకుంటాను, ఆ చప్పుడుకు నా చెవి కూడా నిక్కుతుంది. అయితే దాన్ని నైపుణ్యం అనకండి. ఏ వస్తువుకు ఏది జత కలపాలో కూడా ఎవరో రాసిన ‘బిల్డ్’ చూసి తొడుక్కునేవాళ్లం, మన బుర్ర కూడా ఎరువు సొమ్మే.

నైపుణ్యమా, అదృష్టమా అన్న తగువు తెలుగునేలకు పాతదే. సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బులో పేకాట మీద పెట్టిన కేసు సుప్రీంకోర్టు దాకా వెళితే, రమ్మీలో ఏ ముక్క పడిందో గుర్తుంచుకోవాలి, ఏది దాచాలో ఏది వదలాలో తెలియాలి కనుక అది ప్రధానంగా నైపుణ్యపు ఆటేనని 1967లో తేల్చింది. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో ఆన్‌లైన్ రమ్మీకి తలుపులు వేశాయి. 2025లో కేంద్రం నైపుణ్యమైనా అదృష్టమైనా పందెం డబ్బుతో ఆన్‌లైన్‌లో ఆడకూడదని చట్టం చేసింది. ఏమైనా రమ్మీ ఆడేవాడి జ్ఞాపకశక్తి వాడి తలలోనే ఉంటుంది, అవతలివాడు పెట్టుకొచ్చిన టోపీ వల్ల వాడికి రెండు జోకర్లు అదనంగా రావు.

ఫోన్ల కోసం 2022 జూన్‌లో వచ్చిన ‘డయాబ్లో ఇమ్మోర్టల్’ ఈ మొహమాటాలన్నీ వదిలేసింది. శక్తినిచ్చే ‘లెజెండరీ జెమ్’ రాళ్లు కావాలా? డబ్బు పెట్టి ‘క్రెస్ట్’లు కొను, వాటిని ఒక మాయద్వారంలో వెయ్యి, లోపలికెళ్లి దయ్యాలను చంపు, ఐదు నక్షత్రాల రాయి పడితే నీ అదృష్టం, పడకపోతే ఇంకో క్రెస్ట్ కొను. ఇన్నేళ్ల ప్రయాణం సూటిగా జేబు దగ్గర తేలింది. అయితే ఈ డయాబ్లో బెల్జియం, నెదర్లాండ్స్ దేశాల్లో అడుగుపెట్టలేదు. అదృష్టపు పెట్టెల మీద అక్కడి చట్టాలు కఠినంగా ఉన్నాయని కంపెనీయే ఆ రెండు దేశాలను వదిలేసుకుంది. వంద వేషాల వీరులు, లక్ష జోర్డాన్లు, జాహ్, బెర్ కవచాలు ఆపలేని నరకాధిపతిని బెల్జియం పొలిమేరలో ఆపింది, 2018లో జూద నియంత్రణ సంఘం గుమస్తాలు టైపు చేసిన ఒక నివేదిక. ఆ గుమస్తాలు ఏ టోపీ పెట్టుకుని రాశారో కనుక్కుంటే బాగుండు, సాయంత్రానికల్లా దానికి కూడా బేరం తగిలి ఉండేది.